గుడిసె పన్నును ఎదిరించిన బాయ్ బురే

1898 జనవరి 1వ తేదీ నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో ఒక కొత్త పన్ను అమలులోకి వచ్చింది. అది పంట మీద వేసిన పన్ను కాదు, సంతలో అమ్మే సరుకు మీద వేసిందీ కాదు. మనిషి తల దాచుకునే గుడిసె మీద వేసిన పన్ను. ఇంటికి యేడాదికి 5 షిల్లింగులు కట్టాలి. పౌనుకు 20 షిల్లింగులు గనుక యిది పావు పౌను. లండన్‌లో కూర్చున్నవాడికి యిది చిన్న మొత్తమే. అడవి నరికి వరి చల్లుకుని, ఆయిల్ పామ్ గెలలు కోసుకుని బతికే రైతుకు మాత్రం చేతిలో ఆడని డబ్బు. ఈ పన్ను మీద తొమ్మిది నెలల పాటు బ్రిటిష్ సైన్యంతో తలపడిన ఒక ముసలి నాయకుడి జీవితాన్ని ఈ వారం మన పాఠకుల ముందు పెడుతున్నాం. ఆయన పేరు బాయ్ బురే. తెమ్నే జాతి ప్రజల్లో ఒక చిన్న రాజ్యానికి పెద్ద.

రాజుల కథలు రైతుల పేజీలో యెందుకని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రాజుల కిరీటాలతో మనకు పని లేదు. పన్ను వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు ఊరి పెద్ద యెటువైపు నిలబడ్డాడు అన్నదే మనం చూడవలసింది. బాయ్ బురే కథలో ఆ ప్రశ్నకు జవాబు వుంది. ఆయన పోయిన తర్వాత అర్ధశతాబ్దానికి అదే ప్రశ్న అదే నేల మీద మళ్లీ లేచింది. అప్పుడు జవాబు తలకిందులయింది. అందుకే ఈ కథను చివరిదాకా చెప్పాలి.

ముందు ఆ దేశం సంగతి. సియెర్రా లియోన్ తీరంలో ఫ్రీటౌన్ అనే పట్నం వుంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వాళ్లను 1792లో అక్కడ స్థిరపరిచారు. 1808లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తన వలసగా చేసుకుంది. బానిసల వ్యాపారాన్ని చట్టం ద్వారా ఆపిన తర్వాత, సముద్రం మీద పట్టుకున్న ఓడల్లోంచి విడిపించిన వేలాది మందిని అక్కడే దింపారు. వీళ్ల సంతతిని క్రియోలులంటారు. చదువుకున్నారు, క్రైస్తవులయ్యారు, వ్యాపారాలు చేశారు, లాయర్లయ్యారు. పట్నం దాటి లోపలికి పోతే వేరే లోకం. ఉత్తరాన తెమ్నేలు, లోకోలు, లింబాలు, సుసూలు. దక్షిణాన, తూర్పున మెండేలు. వీళ్లది చిన్న చిన్న రాజ్యాల బతుకు. భూమి కుటుంబాలది, వంశాలది. నాయకుడు దానికి కాపలాదారు. తగాదాలు తీరుస్తాడు, కొత్తగా వచ్చినవాడికి సాగుకు నేల చూపిస్తాడు. బదులుగా జనం ఆయనకు వడ్లలో కొంత యిస్తారు, ఆయన చేలో కొన్నాళ్లు పని చేస్తారు.

ఆ సేద్యం మన పోడు లాంటిదే. యెండాకాలంలో చెట్టూ పొదా నరుకుతారు. యెండిన తర్వాత నిప్పు పెడతారు. వానలు పడగానే వడ్లు చల్లుతారు. అక్టోబరు నవంబరు దాకా పంట చేతికి రాదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా గాదెలో గింజ అడుగంటుతుంది. ఆకలి నెలలవి. ఈ లెక్క పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. యుద్ధంలో యెవరు గెలిచారన్నది చివరకు ఈ లెక్కే తేల్చింది.

బాయ్ బురే సుమారు 1840లో పోర్ట్ లోకో ప్రాంతంలోని కాసేలో పుట్టాడని చెబుతారు. తండ్రి లోకో జాతి యోధుడు, తల్లి తెమ్నే స్త్రీ. కుర్రవాడిగా వుండగా ఆయనను బెండెంబు అనే ఊరికి పంపారు. అక్కడ యుద్ధవిద్య నేర్పేవారు. అక్కడే ఆయనకు కెబలాయి అనే పేరు వచ్చింది. పోరుకు అలుపెరగనివాడు అనే అర్థంలో ఆ పేరు చెప్పుకుంటారు. యవ్వనమంతా ఇరుగు పొరుగు నాయకుల పిలుపు మీద యుద్ధాలు చేశాడు. ఆ కాలంలో పశ్చిమ ఆఫ్రికాలో యుద్ధమంటే దారుల కోసం, వర్తకం కోసం, మనుషుల్ని పట్టుకోవడం కోసం కూడా. ఆ మాట దాచకూడదు. ఆ నాయకుల ఇళ్లలో, చేలల్లో బానిసలు పని చేసేవారు. యుద్ధంలో పేరు తెచ్చుకున్నవాడికి ఆ పాపంతో పొత్తు లేకుండా పోదు.

1886లో కెబలాయిని కాసే రాజ్యానికి నాయకుడిగా చేశారు. తెమ్నేల ఆచారం ప్రకారం, నాయకుడు కాబోయేవాడిని కొంతకాలం జనానికి దూరంగా ఒకచోట వుంచి, పెద్దలు ధర్మమూ ఆనవాయితీ నేర్పుతారు. ఆ తర్వాత బయటకు తెచ్చి పట్టం కడతారు. అప్పటినుంచి పాత పేరు పోతుంది, పదవి పేరే ఆయన పేరవుతుంది. కాసేలో ఆ పదవి పేరు బాయ్ బురే. అలా కెబలాయి బాయ్ బురే అయ్యాడు.

ఆయన మొదటినుంచీ తెల్లవాళ్లకు శత్రువు అనుకుంటే పొరపాటు. 1892లో బ్రిటిష్ వాళ్లు ఉత్తరాన తాంబి కోట మీద దండెత్తినప్పుడు, బాయ్ బురే తన మనుషులతో వెళ్లి వాళ్ల పక్షాన యుద్ధం చేశాడు. తెల్లదొరల సైన్యం యెలా నడుస్తుంది, యెక్కడ ఆగుతుంది, సామాన్లు మోసే కూలీలు లేకపోతే యెంత నిస్సహాయంగా వుంటుంది అన్నది దగ్గరనుంచి చూశాడు. ఆ చూపు ఆరేళ్ల తర్వాత పనికి వచ్చింది.

బ్రిటిష్ వాళ్లతో ఒడంబడికలు చేసుకున్న నాయకులంతా ఒకటే అనుకున్నారు. దారులు తెరిచి వుంచుతాం, వర్తకులకు అడ్డు చెప్పం, వాళ్లు మనకు యేటా కొంత ముట్టజెబుతారు, మన రాజ్యం మనదే. యిది సమానుల మధ్య స్నేహమని వాళ్ల నమ్మకం. లండన్‌లో లెక్క వేరుగా వుంది. 1884-85లో యూరోపు దేశాలు బెర్లిన్‌లో సమావేశమై ఆఫ్రికాను పంచుకునే నియమాలు రాసుకున్నాయి. 1895లో ఫ్రెంచి వాళ్లతో సరిహద్దు ఖాయమయింది. 1896 ఆగస్టు 31న లోపలి ప్రాంతమంతా బ్రిటిష్ రక్షిత రాజ్యమని ప్రకటించారు. యెవరినుంచి రక్షణ, యెవరడిగారు అన్నది యెవరూ చెప్పలేదు. అయిదు జిల్లాలు గీశారు. జిల్లాకొక తెల్ల కమీషనర్‌ను పెట్టారు. తగాదాలు తీర్చే హక్కులో పెద్ద భాగం నాయకుల చేతిలోంచి కమీషనర్ కోర్టుకు పోయింది. మొదటి చట్టంలో ఖాళీ భూముల మీద కూడా సర్కారు హక్కు రాసుకుంది. గొడవ లేచిన తర్వాత ఆ భాగం సడలించింది. పన్ను మాత్రం వదల్లేదు.

ఈ పన్ను వెనుక వున్నవాడు గవర్నర్ ఫ్రెడరిక్ కార్డ్యూ. సైన్యంలోంచి వచ్చినవాడు. ఆయన వాదన యిదీ. లోపలి ప్రాంతాన్ని పాలించాలంటే పోలీసులు కావాలి, కమీషనర్లు కావాలి, ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు పాలింపబడేవాళ్లే భరించాలి. చట్టంలో మొదట నాలుగు గదులూ అంతకు మించీ వున్న ఇంటికి 10 షిల్లింగులు, చిన్న ఇంటికి 5 షిల్లింగులు అని రాశారు. నిరసన వచ్చిన తర్వాత అన్నిటికీ 5 షిల్లింగులే అన్నారు. ముందుగా మూడు జిల్లాల్లో వసూలు చేస్తామన్నారు. అందులో బాయ్ బురే వుండే కరేనె జిల్లా ఒకటి.

ఇక్కడ ఒక సంగతి విడమరచి చెప్పాలి. పన్ను హెచ్చుగా వుంది, కట్టలేం అన్నది జనం ఫిర్యాదులో సగమే. తక్కిన సగం యింకా లోతైనది. ఆ దేశంలో ఒకరి నేల మీద వున్నవాడు, ఆ నేల వాళ్లదని ఒప్పుకుంటూ యేదో ఒకటి యిచ్చుకోవడం ఆచారం. ఇచ్చాడంటే, అది తనది కాదని ఒప్పుకున్నట్లే. అలాంటప్పుడు నా చేతుల్తో కట్టుకున్న గుడిసెకు, నా తాతల నేల మీద వున్న గుడిసెకు, యేటా 5 షిల్లింగులు కడితే అర్థం యేమిటి? గుడిసె నాది కాదు, దొరది అన్నమాట. నేను సొంతదారును కాదు, అద్దెకున్నవాణ్ణి అన్నమాట. తెమ్నే నాయకులు, మెండే నాయకులు తమ అర్జీల్లో, సాక్ష్యాల్లో మళ్లీ మళ్లీ చెప్పింది యిదే.

కూలీల ఇళ్ల స్థలాల తగాదాల్లో తిరిగే మాకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. చదువుకున్న ఆఫీసరు యెంత కట్టాలి అని చూస్తాడు. పేదవాడు కట్టిన తర్వాత ఇల్లు యెవరిదవుతుంది అని చూస్తాడు. లెక్క తెలియక కాదు, అసలు లెక్క తెలిసే అలా చూస్తాడు.

నాయకులు ముందే కత్తులు తీయలేదు. 1897లో కరేనె జిల్లా నుంచి తెమ్నే నాయకులు ఫ్రీటౌన్ వచ్చి వారాల తరబడి పడిగాపులు కాశారు. అర్జీలు రాయించి యిచ్చారు. పట్నంలోని క్రియోలు పత్రికలు వాళ్ల తరఫున రాశాయి. శాసన మండలిలో సభ్యుడైన పేరుమోసిన క్రియోలు లాయరు శామ్యూల్ లూయీ ఈ పన్ను తగదని వాదించాడు. యేమీ ఫలించలేదు. నాయకులు వట్టి చేతుల్తో ఇళ్లకు పోయారు. ఈ భాగం మనం మరువకూడదు. తిరుగుబాట్ల చరిత్ర రాసే దొరలు తుపాకీ పేలిన రోజునుంచి మొదలు పెడతారు. అంతకు ముందు కాళ్లరిగేలా తిరిగిన రోజులు వాళ్ల లెక్కలోకి రావు.

వసూలు పని సరిహద్దు పోలీసుల చేతిలో పెట్టారు. 1890లో పెట్టిన ఈ దళం మీద అప్పటికే జనంలో మంట వుంది. ఊళ్లోకి వచ్చి కోళ్లు, మేకలు పట్టుకుపోతారని, పెద్దల్ని అందరి ముందూ అవమానిస్తారని ఫిర్యాదులు. నాయకుడే తన జనం దగ్గర వసూలు చేసి అప్పజెప్పాలన్నది సర్కారు యేర్పాటు. అందుకు ఆయనకు చిన్న కమీషన్ యిస్తామన్నారు. యేర్పాటులోని కిటుకు పాఠకులకు తెలిసే వుంటుంది. దొర చేయి కనబడకూడదు, ఊరి పెద్ద చేత్తోనే ఊరి జేబు కొట్టించాలి. కమీషన్ తీసుకుంటే పెద్దరికం సర్కారు వుద్యోగమవుతుంది. కాదంటే జైలు.

1898 ఫిబ్రవరిలో కరేనె జిల్లా కమీషనర్ కెప్టెన్ షార్ప్ పోర్ట్ లోకోలో దిగాడు. అక్కడి నాయకుడు బొకారి బాంప్ పన్ను వసూలుకు ఒప్పుకోలేదు. ఆయన్ను, మరికొందరు పెద్దల్ని పట్టుకుని ఫ్రీటౌన్ జైలుకు పంపారు. తర్వాతి వంతు బాయ్ బురేది అని షార్ప్ నిర్ణయించుకున్నాడు. ఆయన్ను పట్టుకోవడానికి పోలీసులతో బయలుదేరాడు. బాయ్ బురే అప్పటికి దాడి చేయలేదు. పట్టుకోవడానికి వస్తున్న దళం మీద దారిలో జనం తిరగబడ్డారు. ఫిబ్రవరి మధ్యలో మొదటి తుపాకులు పేలాయి. ఆయన తల మీద సర్కారు 100 పౌన్లు వెల కట్టింది. గవర్నర్ తలకు తాను 500 పౌన్లు యిస్తానని బాయ్ బురే బదులు పంపాడని జనం యిప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కల్పనో, ఆ కథలో జనం గుండె ధైర్యం మాత్రం వుంది.

అప్పటికి ఆయనకు అరవయ్యేళ్లకు దగ్గర. యుద్ధం యెలా నడపాలో బాగా తెలుసు. బ్రిటిష్ సైన్యం నది దారిన పోర్ట్ లోకో చేరి, అక్కడినుంచి సన్నని అడవి బాటల్లో కరేనెకు ఆహారం, మందుగుండు మోయించుకోవాలి. బాయ్ బురే మనుషులు ఆ బాట పొడుగునా పొదల్లో దుంగలతో బలమైన దడులు కట్టారు. దడులకు సన్న కంతలు పెట్టి, వెనుక గుంటల్లో కూర్చుని కాల్చేవారు. పది అడుగుల దూరంలో వున్నా దడి కనబడేది కాదు. ఫిరంగి తెచ్చి ఒక దడి పగలగొడితే, లోపలివాళ్లు వెనుక దారిన పోయి మరో మలుపు దగ్గర కూర్చునేవారు. మూటలు మోసే కూలీలు బెదిరి పారిపోయేవారు. మోత లేకపోతే సైన్యం అడుగు కదలదు. 1892లో ఆయన చూసి నేర్చుకున్న పాఠం యిదే.

సర్కారు పక్షాన చచ్చిందెవరు అని కూడా అడగాలి. అధికారులు తెల్లవాళ్లు. సైనికుల్లో చాలామంది వెస్టిండియా రెజిమెంటు వాళ్లు. అంటే, పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోయినవాళ్ల మనుమలూ మునిమనుమలూ. మోతకూలీలు ఆ దేశపు పేదవాళ్లే. ఒక పేదవాడి గుడిసె మీద పన్ను వేయడానికి మరో పేదవాడి వీపు మీద తూటాల పెట్టె యెక్కించారు. సామ్రాజ్యాలన్నీ యిలాగే నడిచాయి.

తొలి నెలల్లో సర్కారు సైన్యానికి పెద్ద నష్టాలు తగిలాయి. ఫ్రీటౌన్ నుంచి అదనపు దళాలు వచ్చాయి. ఏప్రిల్ నుంచి కల్నల్ మార్షల్ సైన్యాన్ని నడిపాడు. యుద్ధంలో గెలవలేనప్పుడు వాళ్లు వేరే దారి పట్టారు. దారి పక్క ఊరల్లా తగలబెట్టారు. గుడిసె పన్ను కోసం వచ్చినవాళ్లు గుడిసెలే లేకుండా చేశారు. గాదెల్లోని వడ్లు, విత్తనంతో సహా, కాల్చారు. నెలలు చూడండి. మార్చి, ఏప్రిల్, మే. అడవి నరికి నిప్పు పెట్టి చేను సిద్ధం చేసుకునే రోజులు. విత్తనం చల్లే రోజులు. ఆ సమయంలో జనం పొదల్లో దాక్కుని తిరుగుతున్నారు. చేను వేయకపోతే, వున్న గింజ కాలిపోతే, జూలై ఆగస్టుల్లో తినేదేమిటి?

బాయ్ బురేను ఓడించింది తుపాకీ కాదు, ఖాళీ గాదె. ఈ మాట మేం తక్కువ చేసి చెప్పడం లేదు. పోరాటం పొడుగునా తెమ్నే రైతులు ఆయన్ను పట్టివ్వలేదు. 100 పౌన్ల ఆశ చూపినా యెవరూ ముందుకు రాలేదు. తూటాలు ఆయన్ను తాకవని, ఆయన కంటికి కనబడకుండా మాయమవుతాడని, నీళ్లలో రోజుల తరబడి వుండగలడని కథలు పుట్టాయి. మాయ వున్నదల్లా జనం నోరు విప్పకపోవడంలోనే. ఊరూరా అన్నం పెట్టి, దారి చూపి, అడిగినవాడికి తెలియదని చెప్పినవాళ్లే ఆ మాయ. ఆ జనానికే తిండి లేకుండా చేసిన తర్వాత మాయ యెన్నాళ్లు నిలుస్తుంది?

ఈలోగా 1898 ఏప్రిల్ 27న దక్షిణాన మెండే ప్రాంతం భగ్గుమంది. అక్కడ తిరుగుబాటు వేరే రూపం తీసుకుంది. ప్రభుత్వ మనుషులు, క్రియోలు వర్తకులు, మిషనరీలు, వాళ్ల కుటుంబాలు, వందల మంది చంపబడ్డారు. రోటిఫంక్ అనే ఊళ్లో అమెరికన్ మిషనరీలను, ఆడవాళ్లని కూడా చూడకుండా, చంపారు. వాళ్లలో వైద్యం చేసేవాళ్లు, చదువు చెప్పేవాళ్లు వున్నారు. అన్యాయపు పన్ను మీద కోపం న్యాయమైనదే కావచ్చు, నిరాయుధుల్ని చంపడం మాత్రం న్యాయం కాదు. ఆ మాట మనం స్పష్టంగా అనాలి. ఉత్తరాన బాయ్ బురే పోరు చాలా వరకు సైన్యం మీద, పోలీసుల మీద సాగింది. అక్కడా ఒక మిషనరీ చంపబడ్డాడు. అయితే వర్తకుల మీద, ప్రార్థనా మందిరాల మీద మూకుమ్మడి దాడులు జరగలేదు. దక్షిణాదిన తిరుగుబాటును కొన్ని వారాల్లోనే అణిచివేశారు. విచారణలు జరిపి 96 మందిని వురి తీశారు.

ఉత్తరమూ దక్షిణమూ ఒకే పన్ను మీద లేచాయి. అయినా ఒక చేతి కింద లేవలేదు, ఒక రోజున లేవలేదు. పట్నంలో కలం పట్టిన క్రియోలుకూ, అడవిలో తుపాకీ పట్టిన తెమ్నేకూ మధ్య వంతెన నిలవలేదు. దక్షిణాదిన జరిగిన హత్యలతో అది పూర్తిగా కూలింది. సర్కారు ఒక్కొక్కరినీ విడివిడిగా నలిపింది.

వానాకాలం గడిచింది. 1898 నవంబరు 11న బాయ్ బురే సర్కారు చేతికి చిక్కాడు. బురద నేలల మధ్య, దట్టమైన పొదల్లో గస్తీ దళం ఆయన్ను పట్టుకుందని సర్కారు రికార్డు. జనం చచ్చిపోతుంటే చూడలేక తానే వచ్చి లొంగిపోయాడని తెమ్నేలు చెప్పుకుంటారు. ఆయన్ను ఫ్రీటౌన్ తీసుకువస్తే చూడడానికి పట్నమంతా కదిలింది. యిన్నాళ్లూ కంటికి కనబడకుండా సైన్యాన్ని తిప్పలు పెట్టినవాడు యితడేనా అని జనం విరగబడ్డారు.

ఇక ఆయన్ను యేం చేయాలి? రాజద్రోహం కింద విచారించి వురి తీయాలని కొందరికి వుంది. లాయర్లు ఒక చిక్కు చెప్పారు. రక్షిత రాజ్యంలో వున్నవాడు బ్రిటిష్ పౌరుడు కాడు. పౌరుడు కానివాడు రాజద్రోహి యెలా అవుతాడు? చూశారా విడ్డూరం. పన్ను కట్టడానికి ఆయన బ్రిటిష్ రాణి కింద వున్నవాడు, విచారణ పొందడానికి మాత్రం పరాయివాడు. చివరకు విచారణ లేకుండానే 1899 జూలైలో ఆయన్ను గోల్డ్ కోస్ట్‌కు, అంటే యిప్పటి ఘనాకు, ప్రవాసం పంపారు. ఆయనతో పాటు దక్షిణాది నాయకులు న్యాగ్వా, బే షెర్‌బ్రోలను కూడా పంపారు. న్యాగ్వా ప్రవాసంలోనే చనిపోయాడు.

ఈ మధ్యలో జరిగిన మరో సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. తిరుగుబాటు యెందుకు వచ్చిందో తేల్చమని బ్రిటిష్ ప్రభుత్వం సర్ డేవిడ్ ఛామర్స్ అనే న్యాయకోవిదుణ్ణి 1898 జూలైలో ఫ్రీటౌన్ పంపింది. ఆయన రెండు వందల మందికి పైగా సాక్షుల్ని విచారించాడు. నాయకుల్ని, వర్తకుల్ని, అధికారుల్ని, పోలీసుల్ని విన్నాడు. 1899 జనవరిలో నివేదిక యిచ్చాడు. తిరుగుబాటుకు మూలం గుడిసె పన్నే, దాన్ని వసూలు చేసిన తీరే అని తేల్చాడు. పన్ను ఆ ప్రజల ఆచారానికి, ఆస్తి గురించిన వాళ్ల భావనకు విరుద్ధమన్నాడు. పోలీసుల జులుం నిజమన్నాడు. పన్ను యెత్తివేయాలన్నాడు. అంటే, సర్కారు పంపిన మనిషే జనం మాట నిజమని రాసిపెట్టాడు.

గవర్నర్ కార్డ్యూ దానికి యెదురు నివేదిక రాశాడు. తిరుగుబాటుకు కారణం పన్ను కాదు, పోలీసుల వల్ల, కోర్టుల వల్ల నాయకుల పాత అధికారం, బానిసల మీద పెత్తనం పోవడమే అన్నాడు. లండన్‌లో వలసల మంత్రి జోసెఫ్ ఛాంబర్లేన్ రెండూ చదివి కార్డ్యూ పక్షం వహించాడు. పన్ను వుండిపోయింది. విచారణ సంఘం యేం రాసినా చివరి సంతకం యెవరిదో దానిమీదే అంతా ఆధారపడుతుంది. కమీషన్ వేశారు గదా, యిక న్యాయం జరిగినట్లే అని చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లు ఈ నివేదిక గతిని గుర్తుంచుకోవాలి.

కార్డ్యూ వాదనలో కొంత నిజం వుందని మనం ఒప్పుకోవాలి. నాయకుల కింద బానిసలున్న మాట వాస్తవం. దాన్ని పోగొట్టుకోవడం వాళ్లకు యిష్టం లేని మాటా వాస్తవమే. అయితే బానిసల విముక్తి కోసమే ఈ పాలన వచ్చిందంటే నమ్మదగింది కాదు. యెందుకంటే ఆ రక్షిత రాజ్యంలో ఇంటి బానిసత్వాన్ని చట్టం పూర్తిగా రద్దు చేసింది 1928 జనవరి 1న. అంటే గుడిసె పన్ను మొదలయిన సరిగ్గా ముప్పై యేళ్లకు. పన్నుకు ఒక్క యేడాది ఆగలేని సర్కారు బానిసల విడుదలకు మాత్రం ముప్పై యేళ్లు ఆగగలిగింది. యెందుకాగింది? నాయకులతో పని వుంది గనుక. పన్ను వసూలు చేసిపెట్టే నాయకుడికి కొంత వదిలిపెట్టాలి గదా.

1905లో బాయ్ బురేను తిరిగి రానిచ్చారు. కాసే నాయకత్వం ఆయనకే యిచ్చారు. కానీ అది పాత కాసే కాదు. ఆయన ప్రవాసంలో వున్నప్పుడే పన్ను ఆనవాయితీ అయిపోయింది. గుడిసెలు మళ్లీ లేచాయి, వాటి మీద లెక్క కూడా లేచింది. మూడేళ్లు బతికి 1908లో ఆయన చనిపోయాడు. పోరు అలుపెరగనివాడు అన్న పేరున్నవాడి చివరి రోజులు, తాను యెదిరించిన పన్ను కింద గడిచాయి.

కథ యిక్కడితో ఆపితే ఒక వీరుడి కథగా మిగులుతుంది. రైతు కథ యింకా వుంది. నాయకుణ్ణి పన్ను వసూలుదారుగా మార్చాలన్న కార్డ్యూ ప్రయత్నం 1898లో నెత్తురు కార్చింది. తర్వాతి యాభై యేళ్లలో నెత్తురు లేకుండానే నెరవేరింది. నాయకులు సర్కారు మనుషులయ్యారు. పన్నులో వాళ్లకు వాటా వచ్చింది. పాత ఆచారం పేరు చెప్పి వెట్టి చేయించారు, అక్రమంగా అదనపు వసూళ్లు చేశారు. పూర్వం ఆచారమంటే యిచ్చిపుచ్చుకోవడం. యిప్పుడు పుచ్చుకోవడమే మిగిలింది. 1955 చివర్లో ఉత్తర సియెర్రా లియోన్‌లో రైతులు మళ్లీ లేచారు. 1956లో కూడా ఆ అలజడి సాగింది. పోర్ట్ లోకో వైపు, కాంబియా వైపు, బాయ్ బురే తిరిగిన నేల మీదే. ఈసారి వాళ్ల కోపం తెల్ల కమీషనర్ మీద కంటే తమ నాయకుల మీదే. నాయకుల ఇళ్లు తగలబడ్డాయి, ఆస్తులు ధ్వంసమయ్యాయి. మళ్లీ ఒక విచారణ సంఘం వచ్చింది. నాయకుల అక్రమ వసూళ్లు నిజమేనని అది కూడా తేల్చింది.

అదే ప్రాంతం. అదే జాతి. 1898లో నాయకుడి కోసం ఆకలితో పొదల్లో తిరిగిన రైతుల మనుమలు 1955లో నాయకుడి ఇంటి మీదకు వెళ్లారు. జనం మారారా? జనం మారలేదు. 1898లో పన్నుకూ గుడిసెకూ మధ్య నాయకుడు అడ్డుగా నిలబడ్డాడు. 1955లో పన్ను పక్కన నిలబడ్డాడు. జనం గౌరవించింది గద్దెను కాదు, నిలబడిన చోటును. బాయ్ బురే గొప్పదనం కూడా ఆ నిలబడిన చోటులోనే వుంది. కమీషన్ తీసుకుని వసూలు చేసిపెడితే ఆయన ముసలితనం సుఖంగా గడిచేది. అది వద్దనుకున్నాడు.

సియెర్రా లియోన్ 1961 ఏప్రిల్ 27న స్వతంత్రమయింది. మెండే తిరుగుబాటు మొదలయిన అదే తేదీ. ఆ దేశం తన 1000 లియోన్ల నోటు మీద బాయ్ బురే బొమ్మ అచ్చు వేసింది. పోర్ట్ లోకోలో ఆయన పేరుతో ఫుట్‌బాల్ జట్టు వుంది. చాలాకాలం ఆయన రూపం ఒక సైనికాధికారి గీసిన బొమ్మ వల్లనే తెలిసేది. బందీగా వున్నప్పుడు తీసిన ఆయన ఫోటో ఒకటి ఈ శతాబ్దంలోనే బయటపడింది. డబ్బు రూపంలో పన్ను కట్టం అన్నవాడి బొమ్మ డబ్బు మీదకే యెక్కింది. నోట్ల మీద బొమ్మ వేయడం సర్కార్లకు సులువైన పని.

బాయ్ బురే జీవితం నుంచి రైతు కూలీలు తీసుకోవలసినవి మూడు వున్నాయని మేం అనుకుంటున్నాం. ఒకటి, పన్ను వచ్చినప్పుడు యెంత అని మాత్రమే కాదు, కట్టిన తర్వాత ఇల్లూ నేలా యెవరివవుతాయి అని అడగాలి. రెండు, పోరాటం గాదె మీద నిలబడుతుంది. విత్తే నెల, కోసే నెల, ఆకలి నెల లెక్క వేసుకోని పోరాటాన్ని శత్రువు లెక్క వేసుకుంటాడు. మూడు, పెద్దరికం యెవరిచ్చినా, యే ఆచారం యిచ్చినా, వసూలు రోజున ఆ పెద్ద యెటువైపు నిలబడ్డాడో చూసే దానికి విలువ కట్టాలి. కాసే రైతులు 1898లో అలాగే కట్టారు. వాళ్ల మనుమలు 1955లో కూడా అలాగే కట్టారు.